బంతి పోయిన ఆ ఐదు సెకన్లు: ఫుట్‌బాల్ జట్టుకు ఆట తీరు ఎంచుకోవడం ఎలా

2022 ఖతార్ ప్రపంచ కప్‌లో ఒక గ్రూపు కథ ఇది. స్పెయిన్ కోస్టారికాను 7-0తో చిత్తుగా ఓడించింది. నాలుగు రోజుల తర్వాత అదే కోస్టారికా జపాన్‌ను 1-0తో ఓడించింది. డిసెంబర్ 1న ఆ జపాన్ వచ్చి స్పెయిన్‌ను 2-1తో ఓడించింది, అంతకుముందు జర్మనీని కూడా అదే స్కోరుతో కొట్టింది. గ్రూపులో మొదటి స్థానం జపాన్‌దే. ఇంకో విషయం చూడండి. స్పెయిన్ మీద గెలిచిన రోజు బంతి జపాన్ దగ్గర ఉన్నది 20 శాతం లోపే. కోస్టారికా చేతిలో ఓడిన రోజు మాత్రం ఎక్కువసేపు జపాన్ కాళ్ల దగ్గరే ఉంది.

మరి ఈ మూడింటిలో ఎవరి ఆట తీరు గొప్పది? ఈ ప్రశ్నకు జవాబు లేదు, ఎందుకంటే ప్రశ్నే తప్పు. జపాన్ ఆటగాళ్లకు ఎదుటివాడు ముందుకొచ్చి ఖాళీ వదిలితే ఆ ఖాళీలోకి దూసుకెళ్లడం వచ్చు. కోస్టారికా ఖాళీ వదల్లేదు, తొమ్మిది పది మందితో వెనక కూర్చుంది, బంతి మీరే ఉంచుకోండి అంది. అక్కడ జపాన్‌కు ఏం చెయ్యాలో తోచలేదు.

ఆట తీరు గురించి మాట మొదలవగానే చాలామంది ఫార్మేషన్ గురించి అడుగుతారు. 4-3-3 ఆడాలా, 4-4-2 ఆడాలా, వెనక ముగ్గురా నలుగురా అని. ఆ అంకెలు వరసగా డిఫెండర్లు, మిడ్‌ఫీల్డర్లు, ఫార్వర్డ్‌లు ఎందరో చెబుతాయి. ఫార్మేషన్ ముఖ్యమే, కాదనడానికి లేదు, కానీ అది విజిల్ వేసినప్పుడు ఎవరెక్కడ నిలబడ్డారో మాత్రమే చెబుతుంది. అరనిమిషం గడిచేసరికి అందరూ కదిలిపోయి ఉంటారు. 4-4-2తోనే ఎదుటివాళ్ల పెనాల్టీ బాక్స్ దాకా వెళ్లి మీద పడి ఆడొచ్చు, అదే 4-4-2తో సొంత బాక్స్ ముందు గోడ కట్టుకుని కూర్చోవచ్చు. అంకెలు అవే, ఆటలు రెండూ వేరు.

మ్యాచ్ మొత్తం నాలుగు పరిస్థితుల మధ్య తిరుగుతూ ఉంటుంది. బంతి మన దగ్గర ఉంటుంది, ఇప్పుడే పోయి ఉంటుంది, వాళ్ల దగ్గర స్థిరంగా ఉంటుంది, లేదా ఇప్పుడే మనకు చిక్కి ఉంటుంది. కొత్తగా జట్టును చేతిలోకి తీసుకున్న కోచ్ దాదాపు ఎప్పుడూ మొదటిదాని గురించే ఆలోచిస్తాడు, ఎలా పాస్ చెయ్యాలి, ఎలా గోల్ కొట్టాలి అని. అది సహజమే, ఆటను ప్రేమించేది అందుకే కదా. కానీ ఆట తీరును నిజంగా తేల్చేది రెండోది. పెద్ద లీగుల్లో ఆడే జట్లు కూడా మ్యాచ్‌కు పదుల సార్లు బంతి పోగొట్టుకుంటాయి. పోయిన ఆ క్షణాన మనవాళ్లు మైదానంలో ఎక్కడ ఉన్నారు, తర్వాతి ఐదు సెకన్లలో ఏం చేస్తారు, చెయ్యగల కాళ్లూ ఊపిరీ వాళ్లకు ఉన్నాయా? దీనికి నిజాయితీగా జవాబు రాసుకుంటే మిగతా నిర్ణయాలు చాలావరకు వాటంతట అవే వస్తాయి.

ఇది కొలతలతో చూస్తే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. పెద్ద మ్యాచ్‌లు జరిగే మైదానం మామూలుగా 105 మీటర్ల పొడవు, 68 మీటర్ల వెడల్పు ఉంటుంది. దాంట్లో గోల్‌కీపర్ పోను పదిమంది. అంత స్థలాన్ని పదిమంది కాపలా కాయలేరు, ఏదో ఒక భాగం వదిలెయ్యక తప్పదు. 1989లోనూ 1990లోనూ ఇటలీ క్లబ్ మిలాన్ కోచ్‌గా యూరోపియన్ కప్ గెలిచిన అరిగో సాకి దీన్ని పట్టుదలగా నేర్పించాడు: అందరికంటే వెనకున్న డిఫెండర్‌కూ అందరికంటే ముందున్న ఫార్వర్డ్‌కూ మధ్య దూరం 25 మీటర్లు దాటకూడదు. జట్టంతా ఒక దుప్పటిలా కలిసి ముందుకు జరగాలి, కలిసి వెనక్కి జరగాలి.

ఇప్పుడు ఒక కోచ్ "మనం ప్రెసింగ్ ఆడదాం, వాళ్ల గోల్‌కీపర్ దగ్గరే మీద పడదాం" అన్నాడనుకోండి. ఫార్వర్డ్‌లు ఉత్సాహంగా పరిగెడతారు. మిడ్‌ఫీల్డ్ సగం దూరం వస్తుంది. వెనక డిఫెన్స్ మధ్యలో ఆడే ఇద్దరు సెంటర్‌బ్యాక్‌లు మాత్రం భయపడి తమ బాక్స్ అంచునే ఉండిపోతారు, ఎందుకంటే పరుగులో వెనకబడతామని వాళ్లకు తెలుసు. దాంతో ముందువాళ్లకూ వెనకవాళ్లకూ మధ్య 50 మీటర్ల ఎడారి తయారవుతుంది. ఎదుటివాళ్లు ఒక్క పాస్‌తో ఆ ముగ్గురు ఫార్వర్డ్‌లను దాటేస్తే చాలు, నడుచుకుంటూ రావచ్చు. మన ఊళ్లలో జరిగే టోర్నమెంట్లలో కనిపించే గోల్స్‌లో ఈ రకానివి చాలా ఉంటాయి. తప్పు డిఫెండర్ మీదకి తోసేస్తారు గానీ అతను చేసింది తెలివైన పనే, అతని వేగానికి సరిపోని ఆట తీరును ఎంచుకోవడమే అసలు తప్పు.

ప్రెసింగ్ కావాలంటే డిఫెన్స్ లైను సెంటర్ లైను దాకా రావాలి. వస్తే వెనక 40, 50 మీటర్లు ఖాళీ. ఆ ఖాళీలోకి బంతి పడితే వెనక్కి తిరిగి పరిగెత్తి అందుకోగల సెంటర్‌బ్యాక్ ఒక్కడైనా ఉండాలి, బాక్స్ వదిలి బయటికొచ్చి కాలితో బంతిని తన్నేసే ధైర్యం గోల్‌కీపర్‌కు ఉండాలి. ఈ రెండూ లేకపోతే ప్రెసింగ్ మాటే ఎత్తకూడదు. ఫార్వర్డ్‌లు ఎంత చురుకైనవాళ్లయినా సరే.

దీన్ని తలకిందులు చేసి ఆడి గెలిచిన జట్టు 2015-16 సీజన్ లెస్టర్ సిటీ. ఇంగ్లండ్‌లో బుకీలు వాళ్లు లీగు గెలవడానికి 5000-1 రేటు ఇచ్చారు, అంటే ఒక్కటి పందెం కాస్తే ఐదు వేలు. సెంటర్‌బ్యాక్‌లు వెస్ మోర్గన్, రాబర్ట్ హూత్ ఇద్దరూ భారీ మనుషులు, గాలిలో బంతి వస్తే వాళ్లదే, కానీ వేగం లేదు. ముందు జేమీ వార్డీ, పరుగులో అతన్ని పట్టుకోవడం ఎవరి తరమూ కాదు. ఈ రెండు నిజాల్నీ పక్కపక్కన పెడితే తీరు తేలిపోతుంది: వెనక కూర్చోవాలి, హూత్, మోర్గన్‌ల వెనక ఖాళీ ఉండకూడదు, బంతి దొరకగానే మిడ్‌ఫీల్డర్ డ్రింక్‌వాటర్ పొడుగ్గా కొట్టాలి, వార్డీ పరిగెత్తాలి. మధ్యలో కాంతే ఉన్నాడు, ఫ్రాన్స్‌లోని కాన్ క్లబ్ నుంచి ఆ వేసవిలోనే వచ్చాడు, ఇద్దరు చెయ్యాల్సిన పని ఒక్కడే చేశాడు.

అయితే ఇది మొదటి రోజు నుంచీ ఇలాగే లేదు, ఆ సంగతి చాలామంది మర్చిపోతారు. సీజన్ మొదట్లో లెస్టర్ గోల్స్ కొడుతూ, ఇస్తూ, వెనకబడి మళ్లీ పుంజుకుంటూ ఆడింది. సెప్టెంబర్‌లో ఆర్సెనల్ చేతిలో 5-2తో ఓడాక కోచ్ రానియేరి రెండు మార్పులు చేశాడు. డిఫెన్స్ రెండు అంచుల్లో ఆడుతూ ఎగబడి ముందుకెళ్లే ఫుల్‌బ్యాక్‌లు డి లాయెట్‌ను, ష్లుప్‌ను పక్కన పెట్టి, స్థానం వదలని సింప్సన్‌ను, ఫుక్స్‌ను తెచ్చాడు. అంటే బంతి పోయినప్పుడు వెనక నలుగురూ ఎప్పుడూ చోటులో ఉండేలా చేశాడు. మొదటి తొమ్మిది మ్యాచ్‌ల్లో ఒక్కదానిలోనూ గోల్ ఇవ్వకుండా ఉండలేని జట్టుకు గోల్ ఇవ్వకపోతే పిజ్జా తినిపిస్తానని ఆయన మాటిచ్చాడు. అక్టోబర్‌లో క్రిస్టల్ ప్యాలెస్ మీద 1-0తో గెలిచి ఆ పిజ్జా సంపాదించుకున్నారు. మార్చి, ఏప్రిల్ వచ్చేసరికి వరసగా నాలుగు మ్యాచ్‌లు 1-0తోనే గెలిచారు. 38 మ్యాచ్‌ల్లో మూడే ఓటములు, 81 పాయింట్లు, టైటిల్. సీజన్ మొత్తం మీద బంతి వాళ్ల దగ్గర ఉన్నది సగం కంటే బాగా తక్కువ సమయం.

తర్వాతి సంవత్సరం కాంతే చెల్సీకి వెళ్లిపోయాడు. తీరు అదే, 4-4-2 అదే, వార్డీ ఉన్నాడు, అంచున ఆడే మహ్రెజ్ ఉన్నాడు. కానీ మధ్యలో ఇద్దరే ఉండే ఆ మిడ్‌ఫీల్డ్ ముందూ వెనకా ఉన్న ఖాళీని పూడ్చే మనిషి లేడు. ఫిబ్రవరిలో రానియేరి ఉద్యోగం పోయింది, లెస్టర్ 12వ స్థానంలో ముగించింది. ఒక తీరు మొత్తం ఒక్క మనిషి ఊపిరి మీద నిలబడి ఉండొచ్చన్నమాట. మీ జట్టులో ఆ మనిషి ఎవరో, అతనికి జ్వరం వస్తే ఏం చేస్తారో ముందే ఆలోచించి పెట్టుకోవాలి.

ఇప్పుడు అందరికీ ఇష్టమైన దాని దగ్గరికి వద్దాం. గార్డియోలా కోచ్‌గా ఉన్న బార్సిలోనా, 2008 నుంచి 2012 దాకా. చిన్న చిన్న పాసులు, బంతి ఎప్పుడూ వాళ్ల దగ్గరే. ఆ అందాన్ని చూసి ఫుట్‌బాల్‌తో ప్రేమలో పడ్డవాళ్లు లక్షల మంది ఉన్నారు, తప్పేం లేదు, అంత అందమైన ఆట మళ్లీ ఎప్పుడు చూస్తామో తెలియదు. కానీ ఆ జట్టు రహస్యం పాసుల్లో సగమే ఉంది. మిగతా సగం బంతి పోయిన తర్వాత ఉంది. పోగానే ఐదారు సెకన్ల పాటు దగ్గరున్న ముగ్గురు నలుగురు తోడేళ్లలా మీద పడేవాళ్లు. అంత తొందరగా మీద పడగలగడానికి కారణం కూడా ఆ చిన్న పాసులే. పాసులు చిన్నవి కాబట్టి ఆటగాళ్లు ఒకరికొకరు దగ్గరగా ఉన్నారు, దగ్గరగా ఉన్నారు కాబట్టి పోయిన బంతి చుట్టూ మనవాళ్లే ఉన్నారు. ఈ రెండూ ఒకే పని తాలూకు రెండు ముఖాలు. దీన్ని పదకొండు పన్నెండేళ్ల వయసు నుంచీ ఆ క్లబ్ సొంత అకాడమీ లా మాసియాలో నేర్చుకున్నవాళ్లు షావి, ఇనియెస్టా.

చిన్న జట్లు దీన్లో పాసులు మాత్రం తీసుకుని, ఆ ఐదు సెకన్ల పరుగు వదిలేస్తే పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టే అవుతుంది. 2019లో గోల్ కిక్ నియమం మారింది, బంతి పెనాల్టీ బాక్స్ దాటి బయటికి రాకముందే సొంత డిఫెండర్ అందుకోవచ్చు. అప్పటినుంచి స్కూలు జట్లు కూడా గోల్ ముందు నుంచే చిన్న పాసులతో మొదలుపెడుతున్నాయి. గుంతల గ్రౌండు మీద, ఎడమకాలు వాడడం రాని సెంటర్‌బ్యాక్‌తో, గోల్‌కు పది మీటర్ల దూరంలో పాసులాట ఆడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

ఇంతకీ ఆ తీరును కనిపెట్టినంత పని చేసిన స్పెయిన్ కూడా దాని ఖరీదు కట్టింది. 2010 ప్రపంచ కప్ గెలిచినప్పుడు ఏడు మ్యాచ్‌ల్లో కొట్టింది 8 గోల్సే, నాకౌట్‌లో నాలుగూ 1-0 గెలుపులు. నాలుగేళ్ల తర్వాత నెదర్లాండ్స్ 5-1తో ఓడించింది. ఈ మ్యాచ్ గురించి కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఎంచుకోవడం అంటే ఏమిటో అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. నెదర్లాండ్స్‌లో 4-3-3 అంటే దాదాపు ఒక నమ్మకం. కోచ్ వాన్ గాల్ దగ్గర మిడ్‌ఫీల్డ్ ముగ్గురిలో ముఖ్యమైన కెవిన్ స్ట్రూట్‌మన్ టోర్నమెంట్‌కు కొన్ని నెలల ముందు మోకాలికి గాయమై తప్పుకున్నాడు. అతను లేకుండా ఆ పాత తీరు నిలబడదని వాన్ గాల్ గ్రహించి వెనక ఐదుగురిని పెట్టాడు, ముందు రాబెన్ వేగాన్నీ వాన్ పెర్సీనీ వదిలాడు. స్వదేశంలో చాలామందికి అది నచ్చలేదు, మన సంప్రదాయం ఏమైందని అడిగారు. స్పెయిన్ డిఫెన్స్ లైను పైకి వచ్చి ఉంది, వెనక ఖాళీ ఉంది, డేలీ బ్లైండ్ ఎడమవైపు నుంచి పొడుగు బంతులు వేశాడు. ఒకటి వాన్ పెర్సీ గాల్లోకి దూకి తలతో కొట్టిన గోల్, ఇంకొకటి రాబెన్‌ది. ఆ జట్టు మూడో స్థానంతో ఇంటికెళ్లింది. ఉన్న ఆటగాళ్లను చూసి, దేశమంతా ఇష్టపడే తీరును పక్కన పెట్టడానికి చాలా ధైర్యం కావాలి.

అలాంటి ధైర్యం హైదరాబాద్‌లో ఒకాయన చాలా ముందే చూపించాడు. సయ్యద్ అబ్దుల్ రహీం, అందరికీ రహీం సాబ్. బడిపంతులుగా పనిచేసిన మనిషి. ఆయన తీర్చిదిద్దిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు కోచ్‌గా ఆయన ముందున్న చిక్కు ఇది: మనవాళ్లకు బంతి మీద పట్టు ఉంది, డ్రిబ్లింగ్ అంటే ప్రాణం, కానీ యూరప్ ఆటగాళ్ల ఒళ్లు ముందు నిలవడం కష్టం. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగొస్లావియా 10-1తో ఓడించింది. బంతిని కాలి దగ్గర ఎక్కువసేపు ఉంచుకుంటే ఎదుటివాడు వచ్చి ఢీకొడతాడు, ఢీకొంటే బంతి పోతుంది, పోయినప్పుడు మనవాడు కింద పడి ఉంటాడు. దీనికి రహీం సాబ్ వెతికిన దారి, ఢీకొనే అవకాశమే ఇవ్వకుండా ఒక్క టచ్‌తో బంతి వదిలెయ్యడం. అది మాటలతో రాదని ఆయనకు తెలుసు. అందుకే డ్రిబ్లింగ్ చెయ్యకూడదనే నియమంతో కుర్రాళ్లకు టోర్నమెంట్లు పెట్టాడు, బలహీనమైన కాలితోనే ఆడాలనే పోటీలు పెట్టాడు. ఆట తీరును ప్రాక్టీస్ నియమంగా మార్చడమంటే ఇదే, ఇవాళ్టి కోచ్‌లు చిన్న స్థలంలో రెండు టచ్‌ల ఆట ఆడిస్తున్నారంటే అదీ ఈ పద్ధతే.

1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఆతిథ్య ఆస్ట్రేలియాను 4-2తో ఓడించి భారత్ సెమీఫైనల్ చేరింది, నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఆ జట్టులో ఉన్నాడు. నాలుగో స్థానం వచ్చింది. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో భారత్ అంతకంటే పైకి మళ్లీ వెళ్లలేదు.

ఆట తీరు ఎంపికలో ఆటగాళ్ల తర్వాత చూడాల్సింది ప్రాక్టీస్ రోజులు. దీనికీ హైదరాబాద్ నుంచే ఉదాహరణ ఉంది. హైదరాబాద్ ఎఫ్‌సీ 2019-20లో, అంటే తన మొదటి ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) సీజన్‌లో, అట్టడుగున ముగించింది. తర్వాత స్పెయిన్ నుంచి మనోలో మార్కెజ్ వచ్చాడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటి కుర్ర ఫుల్‌బ్యాక్‌లను నమ్మాడు. వాళ్లు ధైర్యంగా ముందుకెళ్లాలంటే వెనక ఎవరో కాపు కాయాలి, ఆ పనిని మధ్యలో జొవావ్ విక్టర్ లాంటి స్థిరమైన ఆటగాడు చూసుకున్నాడు. ముందు ఒగ్‌బెచే 2021-22లో 18 గోల్స్ కొట్టాడు. 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్, 88వ నిమిషంలో సాహిల్ తవోరా సమం చేశాడు, పెనాల్టీల్లో గోల్‌కీపర్ కట్టిమణి మూడు ఆపాడు, కప్పు మన నగరానికి వచ్చింది. అదే మనోలో 2024లో భారత జట్టు కోచ్ అయ్యాడు. ఏడాదిలో ఎనిమిది మ్యాచ్‌లు ఆడితే ఒక్కటే గెలుపు, మాల్దీవుల మీద 3-0. మనిషి మారలేదు, ఆయన తెలివి ఎక్కడికీ పోలేదు. క్లబ్‌లో నెలల తరబడి రోజూ మైదానంలో చెప్పుకునే వీలుంటుంది, దేశ జట్టుతో ఒక్కోసారి దొరికేది కొద్ది రోజులే. ఎవరు ఎప్పుడు ముందుకెళ్లాలి, ఎవరు ఆగాలి అనే లెక్క కొద్ది రోజుల్లో ఒంటికి పట్టదు.

కాబట్టి వారానికి రెండు ప్రాక్టీసులు దొరికే కాలేజీ జట్టుకో, ఆదివారాలు కలిసే కాలనీ జట్టుకో పది మంది కలిసి చేసే ప్రెసింగ్ అందుబాటులో లేనట్టే. అది తెలిసి కూడా ఆడాలనిపిస్తే అందులో ఒక ముక్క తీసుకోవచ్చు. జపాన్ స్పెయిన్ మీద చేసింది అదే: మొదటి సగం అంతా వెనక కూర్చుంది, 1-0తో వెనకబడింది, విరామం తర్వాత కాసేపు మాత్రం గోల్‌కీపర్ దాకా మీద పడింది, 48వ నిమిషంలో దోవాన్, 51వ నిమిషంలో తనాకా గోల్స్ కొట్టారు. ఆ తర్వాత మళ్లీ వెనక్కి వెళ్లిపోయి గోడ కట్టుకున్నారు. గోల్ కిక్ అప్పుడు మాత్రమే, లేదా ఎదుటివాళ్ల త్రో అప్పుడు మాత్రమే ప్రెస్ చెయ్యాలి అని ఒక్క గుర్తు పెట్టుకుంటే కాలనీ జట్టు కూడా చెయ్యగలదు.

ఎండ సంగతి కూడా ఉంది. ఏప్రిల్‌లో సాయంత్రం నాలుగింటికి మ్యాచ్ పెడితే 90 నిమిషాలు పరుగెత్తి మీద పడే ఆట ఏ ఒళ్లూ తట్టుకోదు. ఊపిరి అయిపోయిన ప్రెసింగ్ అసలు ప్రెసింగ్ లేకపోవడం కంటే ప్రమాదం, ఎందుకంటే లైను పైనే ఉంటుంది, ఆపేవాడు ఉండడు. కోచ్ మార్సెలో బియెల్సా నడిపిన లీడ్స్ జట్టు మైదానమంతా మనిషికి మనిషి చొప్పున వెంటపడి 2020-21లో ప్రీమియర్ లీగ్‌లో 9వ స్థానం సాధించింది, చూసేవాళ్లకు పండగ. మరుసటి ఏడు గాయాలు వరస కట్టాయి, ఫిబ్రవరిలో బియెల్సాను తీసేశారు. ఫిట్‌నెస్ కోచ్‌లూ డాక్టర్లూ ఉన్న జట్టు పరిస్థితే అది.

సెట్ పీసుల గురించి, అంటే ఆగిన బంతితో ఆట మళ్లీ మొదలయ్యే సందర్భాల గురించి, ఒక్క మాట చాలు. ప్రాక్టీస్ సమయం తక్కువైన జట్టుకు పెట్టిన గంటకు ఎక్కువ ఫలితమిచ్చేది కార్నర్లూ ఫ్రీకిక్‌లే. యూరప్ దేశాల కప్పు 2004 యూరోను గ్రీస్ గెలిచింది, క్వార్టర్స్ నుంచి ఫైనల్ దాకా మూడూ 1-0. ఫైనల్లో పోర్చుగల్ మీద హరిస్తియాస్ తల గోల్ కార్నర్ నుంచే వచ్చింది.

ఇక పని మొదలుపెట్టే పద్ధతి. వచ్చే మ్యాచ్‌ను ఎవరైనా మెట్ల మీద నుంచో మేడ మీద నుంచో ఫోన్‌తో తీస్తే చాలు, మైదానం మొత్తం కనిపించాలి. ఇంటికొచ్చి బంతి పోయిన ప్రతిసారీ వీడియో ఆపి మూడు విషయాలు కాగితం మీద రాయాలి: మైదానంలో ఏ మూడో వంతులో పోయింది, ఆ క్షణంలో బంతికి పది మీటర్ల లోపల మనవాళ్లు ఎందరు, ఐదు సెకన్ల తర్వాత బంతి ఎక్కడుంది. ఇరవై ముప్పై సార్లు రాసేసరికి జట్టు అసలు స్వభావం కాగితం మీద కనిపిస్తుంది. దగ్గర ముగ్గురు ఉండి కూడా ఎవరూ కదలడం లేదంటే అది నేర్పితే వచ్చే విషయం, అలాంటి జట్టు కొంచెం పైకి వచ్చి ఆడొచ్చు. దగ్గర ఎవరూ ఉండటం లేదంటే ముందు పాసుల దూరం తగ్గించాలి, లేదా ఆ దూరం అలాగే ఉంచి డిఫెన్స్ లైను పది మీటర్లు దించాలి. మన గోల్ దగ్గరి మూడో వంతులోనే ఎక్కువసార్లు పోతోందంటే రేపటి నుంచే గోల్‌కీపర్‌ను పొడుగ్గా కొట్టమని చెప్పాలి, సిగ్గుపడాల్సిందేం లేదు. ఆ కాగితాన్ని పారెయ్యకుండా దాచి, ఆరు వారాల తర్వాత ఇంకో మ్యాచ్ తీసి పక్కన పెట్టి చూడాలి.